వేలితో చదివిన థ్రిల్లర్

ఆ సోమవారం పొద్దున్న పళ్ళెంలో ఇడ్లీ ఉంది గానీ చట్నీ కనబడలేదు. "చట్నీ వెయ్యలేదేటి బావా?" అని మా ఆయన్ని అడిగాను. ఆయన నా మొహంలోకి వింతగా చూసి, "నీ ముందే ఉన్నాది కదేటి" అన్నాడు. తల కుడివైపు తిప్పితే నిజంగానే ఉంది. కొంచెం తలనొప్పిగా కూడా ఉంది. సరిగా నిద్ర పట్టలేదు కదా, అదే కారణమనుకుని ఆటో ఎక్కి పనికి వెళ్ళిపోయాను.

నా పేరు రమణమ్మ. మా వైపు అందరి నోటా రవణమ్మే. వయసు నలభై తొమ్మిది. మేముండేది గరివిడిలో. మా ఆయన పైడిరాజు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. నేను రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా చిన్న గది అద్దెకు తీసుకుని దస్తావేజులు రాస్తాను. మా నాన్న చేసిన పనే నాకు వచ్చింది. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటారేమో, అనుకోండి, నాకేం ఫర్వాలేదు. నా అంత గుండ్రంగా రాసేవాళ్ళు ఆ వీధిలో లేరు. నా అంత స్పష్టంగా చదివేవాళ్ళు అసలే లేరు. "రవణమ్మ సదివితే సెవిటోడికైనా ఇనబడతాది" అని పేరు.

మా పనిలో ఒక పద్ధతుంది. దస్తావేజు రాసి చేతిలో పెట్టేస్తే సరిపోదు. సంతకమో వేలిముద్రో పడేముందు, సాక్షుల ఎదుట, మొదటి మాట నుంచి చివరి మాట దాకా పైకి చదివి వినిపించాలి. ఈమధ్య చాలామంది ఆ పద్ధతి వదిలేశారు. నేను వదల్లేదు. చదువురాని మనిషికి కాగితం మీద ఏముందో తెలిసేది నా గొంతులోంచే కదా.

ఆ రోజు వచ్చింది ఎర్రమ్మ అనే పెద్దావిడ. తన మెట్ట భూమిని ఇద్దరు కూతుళ్ళకూ చెరిసగం రాసిస్తోంది. పెద్దకూతురి వాటాలో బోరుంది. ఆ బోరు నీళ్ళలో చిన్నకూతురికీ హక్కు ఉండాలని పదేపదే చెప్పింది. నేను విని, తలాడించి, చిత్తుప్రతి చేత్తో రాసి, పక్కనే డీటీపీ చేసే సరోజకిచ్చాను. రాసేటప్పుడు చెయ్యి ఎక్కడా ఆగలేదు. సరోజ కొట్టి, ప్రింటు తీసి తెచ్చింది. గొంతు సవరించుకుని కాగితం ఎత్తాను.

ఒక్క అక్షరం తెలియలేదు. మసగ్గా లేదు, చెరిగిపోలేదు. నల్లగా, నిండుగా, గుండ్రంగా ఉన్నాయి. కానీ అవి తెలుగు కావు. మాకు రాయగడ బస్సుల మీద ఒడియా అక్షరాలు చూడ్డం అలవాటే. అచ్చం అలాగే ఉన్నాయి, చూస్తే అక్షరాలే, చదవడానికి మాత్రం నావి కావు.

"ఒసే సరోజా, ఇదేటే, ఒడియాలో కొట్టినావు? ఫాంటు మారిపోయినాది సూడు!" అని కేకేశాను.

సరోజ వచ్చి చూసి నవ్వింది. "ఒలమ్మ, తెలుగే గదే అక్కా! పొద్దున్నే ఎకసెక్కాలా?"

సాక్షులు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే పక్కనున్న నా చిత్తుప్రతి తీసి చూశాను. నా చేత్తో అరగంట కిందట రాసింది. అదీ ఒడియానే.

కానీ 'చదవలేకపోతున్నాను' అన్న మాట నోట రాలేదు. ఎలా వస్తుంది? ఇరవై రెండేళ్ళుగా చదువుతున్న నోరది. కాగితం మొహానికి అడ్డంగా పట్టుకుని, గుర్తున్నదంతా గడగడా వల్లించేశాను. తూర్పు సరిహద్దు, దక్షిణం సరిహద్దు, బోరు నీళ్ళు, అన్నీ. ఎర్రమ్మ కళ్ళు మూసుకుని విని, "ఒప్పే తల్లీ" అని ఎడమచేతి బొటనవేలు ముద్ర వేసింది. రిజిస్ట్రేషన్ స్లాటు మర్నాటి సాయంత్రానికి ఉంది. అలా చదివినట్టు నటించడమే నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు.

మధ్యాహ్నం మా ఆయనకు ఫోన్ చేసి, కళ్ళజోడు పాడైందని చెప్పాను. ఆయన డ్యూటీ దిగి బండి మీద విజయనగరం కళ్ళజోళ్ళ దుకాణానికి తీసుకెళ్ళాడు. అక్కడ నంబరు చూసే ఆయన అద్దాలు మార్చి మార్చి పెట్టి, చివరికి బోర్డు మీద అంకెలు చూపించాడు. అంకెలన్నీ చక్కగా చెప్పాను. తెలుగు బోర్డు పెట్టగానే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుండిపోయాను. ఆయన నెమ్మదిగా, "అమ్మా, ఇది అద్దాల సంగతి కాదు. ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళండి" అన్నాడు. నేను వినలేదు. ఇంటికెళ్ళి పడుకుంటే తగ్గుతుందన్నాను. తెల్లారి లేచి గుమ్మం కుడివైపు స్తంభాన్ని ఢీకొని పడ్డాక గానీ విశాఖ బయలుదేరలేదు.

ఎమ్మారై తీశారు. న్యూరాలజిస్టు చిన్న వయసావిడ, మా అమ్మాయి కంటే పదేళ్ళు పెద్దదేమో. "లెఫ్ట్ పోస్టీరియర్ సెరిబ్రల్ ఆర్టరీలో క్లాట్. అంటే మెదడు వెనక భాగానికి వెళ్ళే రక్తనాళంలో రక్తం గడ్డకట్టింది. స్ట్రోక్ అమ్మా ఇది. మొదటి కొన్ని గంటల్లో వస్తే క్లాట్ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే అవకాశం ఉంటుంది. ఆ విండో దాటిపోయింది" అంది. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి, మాట బాగానే ఉంది, ఇదేం పక్షవాతమని మా ఆయన వాదించాడు. ఆవిడ విసుక్కోకుండా నాకు కాగితం, పెన్ను ఇచ్చి, ఏదైనా రాయమంది.

'నా పేరు రమణమ్మ. నాకు ఆకలేస్తోంది, రెండు ఇడ్లీలు పెట్టించండి' అని రాశాను. ఆవిడ నవ్వి కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. కాసేపు బీపీ గురించీ మందుల గురించీ మాట్లాడి, ఒక కాగితం నా చేతికిచ్చి చదవమంది. చూశాను. గుండ్రటి రాత, బాగుంది. "ఎవరి రాతమ్మా ఇది? నాకేం తెలియట్లేదు" అన్నాను.

"మీదేనమ్మా. ఇందాక రాసిందే."

నాకైతే భయం కంటే ముందు ఒక రకమైన ఆశ్చర్యం వేసింది. నిజం చెబుతున్నాను. మనిషి తలలో ఇలాంటి ఏర్పాట్లు కూడా ఉంటాయా అనిపించింది. "అలెక్సియా వితౌట్ అగ్రాఫియా అంటారు" అంది డాక్టరమ్మ. "రాయడం పోలేదు, భాష పోలేదు. కన్ను చూసింది అక్షరంగా గుర్తుపట్టే చోటికి చేరట్లేదు. కొందరికి అంకెలు మిగులుతాయి, మీకు మిగిలాయి. చూపులో కుడివైపు సగం పోయింది, దాన్ని హెమియనోపియా అంటారు. చదవడం కొంత తిరిగి రావచ్చు. ఎంతవరకు అన్నది నేను మాటివ్వలేను."

ఆ మాట వినగానే ఎర్రమ్మ గుర్తొచ్చింది. అప్పటికే మా అమ్మాయి మౌనిక ఎచ్చెర్ల నుంచి వచ్చేసింది. అక్కడ హాస్టల్లో ఉండి చదువుతోంది. దాని చెయ్యి పట్టుకుని జరిగిందంతా చెప్పి ఏడ్చేశాను. అది అప్పటికప్పుడు సరోజకు ఫోన్ చేసి, స్లాటుకు ఇంకా గంట ఉందనగా దస్తావేజు ఆపించి, మొత్తం ఫోన్లో చదివించింది. నేను అనుకున్నంతా అయ్యింది. బోరు నీళ్ళ హక్కు గురించి నేను వల్లించానే గానీ, కాగితం మీద ఆ మాటే లేదు. రాసేటప్పుడే వదిలేశాను. పక్క గది లేఖరి దాన్ని సరిచేసి మళ్ళీ రాసిచ్చాడు.

ఇంటికొచ్చిన వారానికి ఎర్రమ్మ చూడ్డానికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. అరటిపళ్ళు మంచం మీద పెట్టి, "నాను నీ గొంతుకి ముద్రేసినాను, కాయితానికి కాదు. మళ్ళీ కాయితం సూసి సదివినప్పుడు సెప్పు, నా సిన్నదాని కూతురి కాయితాలున్నాయి, నీ సేతే రాయిస్తాను" అంది. తిట్టినా బాగుండేది. అంత నమ్మకాన్ని నేనేం చేసుకోను? చదవడం తిరిగి రాకపోతే ఇక ఆ గదిలో కూర్చోనని ఆ రోజే నిర్ణయించుకున్నాను. రాయడం ఒక్కటే వస్తే చాలదు. నేను రాసిందేమిటో నాకే తెలియకుండా ఇంకొకరి భూమి మీద రాయకూడదు.

స్పీచ్ థెరపిస్టు ఒక దారి చూపించింది. అక్షరం మీద చూపుడువేలు పెట్టి, రాస్తున్నట్టు దిద్దమంది. దిద్దాను. వేలు చుట్టు తిరిగి, మీదికి వెళ్ళి ఆగింది. "త!" అని అరిచాను. కంటికి తెలియని అక్షరం వేలికి తెలిసింది! నా చెయ్యి చదివి నాకు చెబుతోంది. నా శరీరంలో నాకే తెలియని మనిషి ఇంకొకరున్నట్టు అనిపించి వేలివైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఇంట్లో సాధన కోసం మౌనిక ఒకటో తరగతి వాచకం తెచ్చింది. అల, వల, తల. నాలుగు రోజులు దిద్దాను. అయిదో రోజు విసిరికొట్టాను. దస్తావేజులు రాసే మనిషిని, నాకు 'వల' ఎందుకే? అన్నం ముట్టలేదు. ఆ తర్వాత పది రోజులు నేను మా ఇంట్లోవాళ్ళకి నరకం చూపించాను.

ఒక ఆదివారం మౌనిక నా పక్కన బోర్లా పడుకుని నల్ల అట్ట పుస్తకమేదో చదువుకుంటోంది. పిలిస్తే పలకడం లేదు. ఏమిటది అంటే, "టీనేజీ పిల్లల కోసం రాసిన సైకలాజికల్ థ్రిల్లరమ్మా. సానా డార్కు. నీకు నచ్చదు" అంది. నాకు నచ్చదని అదెవరు చెప్పడానికి? పైకి చదవమన్నాను.

చదివింది. నందన అని ఒక పదహారేళ్ళ పిల్ల. కొండ ఊళ్ళో హాస్టల్. ఆ పిల్ల స్నేహితురాలు కనబడకుండా పోయి నెల అవుతుంది. ఒక పొద్దున్న నందన తలగడ కింద చీటీ ఉంటుంది. 'నువ్వు మర్చిపోయింది నేను మర్చిపోలేదు.' ఎవరు రాశారా అని అందరి నోటుబుక్కులూ వెతుకుతుంది. ఆ చేతిరాత ఎవరి రాతతోనూ కలవదు. చివరికి తన నోటుబుక్కు తెరుస్తుంది. రాత తనదే. కానీ తను రాసిన గుర్తు లేదు.

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. నా చేతిరాత, నాకు తెలియని రాత. ఇదే కదా నాకు జరిగింది! నన్ను ఎరగని మనిషెవరో, ఎక్కడో కూర్చుని, పిల్లల కోసమని రాసిన పుస్తకంలో నా కాగితం ఎలా వచ్చింది? "తరవాతేటైనాది?" అన్నాను.

మౌనిక పుస్తకం మూసేసింది. "రేపు పొద్దున్నే నాకు బస్సు. పుస్తకం ఈడే వదిలేస్తన్నాను. మిగతాది నువ్వే సదువుకో."

"సదవలేనని తెలిసే గదే గుంటా, ఇలాగ సేస్తన్నావు!"

"నీకు వేలున్నాది గదమ్మా" అని నవ్వి బట్టలు సర్దుకోవడానికి పోయింది. కడుపున పుట్టినదాన్ని ఆ రాత్రి ఎన్ని తిట్లు తిట్టానో నాకే తెలియదు.

మర్నాడు మా ఆయన్ని బతిమాలాను. "నాకు దెయ్యాల కతలంటే బయం, నానేటి సదవను" అన్నాడు. కూతురు ముందే చెప్పి పెట్టిందని నాకు తర్వాత తెలిసింది. ఇక గతిలేక నేనే తెరిచాను. రెండో అధ్యాయం, మొదటి వాక్యం. వేలు పెట్టాను.

త. లు. పు. తలుపు. కాసేపు ఊపిరి పీల్చుకున్నాను. వె. ను. క. తలుపు వెనుక. నిలబడి. ఆ మాటకే పది నిమిషాలు పట్టింది. ఉన్నది. తలుపు వెనుక నిలబడి ఉన్నది. ఎవరు? వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాను. పట్టపగలు, వీధిలో కూరగాయల బండి అరుస్తోంది, నేను మా తలుపు వెనక ఒకసారి చూసి మరీ వచ్చి కూర్చున్నాను. త. చెమటలు పట్టాయి. నే. తలుపు వెనుక నిలబడి ఉన్నది తనే. తలుపుకి అద్దం ఉందని మర్నాడు చదివితే గానీ తెలియలేదు!

ఒక్క వాక్యం. నలభై నిమిషాలు. అయినా నా బతుకులో ఏ పుస్తకమూ నన్ను అలా పట్టి కుదిపెయ్యలేదు. మీరంతా గబగబా చదువుతారు, కన్ను వాక్యం చివరికి ముందే దూకేస్తుంది. నాకు ఆ సదుపాయం లేదు. తర్వాతి అక్షరం ఏదో కూడా నాకు తెలియదు. ఆ రచయిత ఎంత ఉత్కంఠ పెట్టాలనుకున్నారో, నా జబ్బు దానికి పదింతలు కలిపింది.

రోజుకి మూడు వాక్యాలు, తర్వాత ఏడు, తర్వాత అరపేజీ. కుడివైపు కనబడదు గనక వాక్యం ఎక్కడ అయిపోతుందో తెలిసేది కాదు. థెరపిస్టు చెప్పినట్టు పేజీ కుడి అంచున ఎర్రరిబ్బను పెట్టుకున్నాను, అది కనబడేదాకా తల తిప్పాలి. చీటీలు రాసేది ఆ హాస్టల్ వార్డెనేనని నాకు గట్టి అనుమానం. మందులిచ్చే నర్సు మీద మా ఆయనకి అనుమానం. చదవనన్న మనిషి రోజూ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే, "ఇయాల ఏటైనాది?" అని అడిగేవాడు.

రెండున్నర నెలలయ్యాక ఫిట్స్ వచ్చాయి. వంటింట్లో పడిపోయాను. మళ్ళీ విశాఖ, మళ్ళీ స్కాను. మా ఆడపడుచు వచ్చి, "ఆ దెయ్యం పుస్తకం సదివే ఇలాగైనాది. ఒరే పైడీ, దాన్ని తగలెట్టరా" అని ఒకటే గోల. మా ఆయన తగలబెట్టలేదు గానీ అటక మీద దాచేశాడు. అంతకంటే కష్టం ఏమిటంటే, అప్పటిదాకా వచ్చిన అక్షరాలు మళ్ళీ పోయాయి. 'త'కీ 'ఠ'కీ వేలు తడబడింది. ఇక అయిపోయింది, గది తాళం ఓనరుకి ఇచ్చెయ్యమని మా ఆయనతో చెప్పాను, ఆయన ఇవ్వలేదు.

రివ్యూకి వెళ్ళినప్పుడు మా ఆయనే డాక్టరమ్మని అడిగాడు, పుస్తకం వల్లనా అని. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "కాదండీ. స్ట్రోక్ మచ్చ మిగిలిన చోట అలా జరగొచ్చు. ఫిట్స్ మళ్ళీ రాకుండా లెవెటిరాసెటం మాత్ర మొదలుపెడుతున్నాను, ఒక్క పూట కూడా మానకండి. మత్తు తగ్గాక అక్షరాలు మళ్ళీ వస్తాయని నా ఆశ." తర్వాత నావైపు తిరిగి, "ఏ పేజీ దాకా వచ్చారమ్మా?" అంది.

"నలభై రెండు."

"చీటీలు ఎవరు రాస్తున్నారో తెలిసిందా?"

"లేదండి. వార్డెనే అనుకుంటన్నాను."

"చదవండి. పగలే చదవండి, నిద్ర మాత్రం పాడు చేసుకోకండి. తెలిశాక నాకు చెప్పండి" అంది. ఇంటికి రాగానే మా ఆయన నిచ్చెన వేసి అటక ఎక్కాడు.

అక్షరాలు వచ్చాయి. ఈసారి మొదటిసారంత కష్టపెట్టలేదు. అయిదో నెలలో ఒక వింత జరిగింది. 'నందన' అన్న మాట మీద వేలు పెట్టకుండానే అది నందన అని తెలిసిపోయింది! సాధన కోసం నేను రాసుకున్న నోటుబుక్కు తీసి చూశాను, అందులో మాటలు తెలియలేదు. మళ్ళీ పుస్తకంలో చూశాను, నందనే. గుంపులో తెలిసిన మొహం కనబడినట్టు కనబడింది. ఆ తర్వాత 'హాస్టల్', 'చీటీ', 'తలుపు'. ఒక్కొక్కటీ వచ్చి చేరాయి. ప్రతిదానికీ నేను చేతులెత్తి దణ్ణం పెట్టేదాన్ని. అక్షరం అంటే అంత వింతైన వస్తువని, ఇరవై రెండేళ్ళు దాన్ని తిని బతికిన నాకు అప్పటిదాకా తెలియలేదు.

ఏడో నెలలో ఆఖరి పేజీకి వచ్చాను. మౌనిక సెలవుకి ఇంట్లో ఉంది. సాయంత్రం నాలుగైంది. నేను పైకి చదువుతున్నాను, అది గోడకి ఆనుకుని వింటోంది, మా ఆయన గుమ్మంలో కూర్చుని బీరకాయ చెక్కు తీస్తున్నాడు. చీటీలు ఎవరు రాశారో నేనిక్కడ చెప్పను, మీరు చదవాలి. వార్డెన్ మాత్రం కాదు, పాపం ఆవిడ మంచిది. ఒక్కటే చెబుతాను. మనిషి మనసు తనకి తానే ఒక గదికి తాళం వేసుకుని, తాళం చెవి కూడా తనే దాచుకోగలదని ఆ పదహారేళ్ళ పిల్ల నాకు నేర్పింది. తలలో ఉన్న ఆ లోతు తల్చుకుంటే ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

చివరి పేరా చదువుతూ నందన కోసం ఏడుస్తున్నాను. కళ్ళు తుడుచుకుంటూ చదువుతున్నాను. మౌనిక హఠాత్తుగా, "అమ్మా" అంది.

"ఉండవే, అయిపోతాది."

"అది కాదమ్మా. నీ సెయ్యి సూడు."

చూశాను. ఎడమ చేత్తో పుస్తకం పట్టుకున్నాను. కుడిచేత్తో కొంగు పట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్నాను. పేజీ మీద వేలు లేదు. ఎప్పటినుంచి లేదో నాకూ తెలియదు. మా ఆయన కత్తి పక్కన పెట్టేసి, "సదువు, ఆపీకు, సదువు" అన్నాడు. మిగిలిన రెండు వాక్యాలూ చదివి పుస్తకం మూశాను.

ఇప్పుడు ఏడాదిన్నర అయింది. గదికి వారానికి నాలుగు రోజులు వెళుతున్నాను. దస్తావేజు చదవడానికి ఒకప్పుడు పది నిమిషాలు పట్టేది, ఇప్పుడు ముప్పావుగంట. వత్తులు ఎక్కువున్న మాట వస్తే వేలు పెడతాను, ఎవరు చూసినా సిగ్గుపడను. చదివాక సరోజ చేత మళ్ళీ చదివిస్తాను. ఎర్రమ్మ మనవరాలి కాగితాలు నేనే రాశాను. బీపీ మాత్ర, రక్తం పల్చబడే మాత్ర, ఫిట్స్ మాత్ర గడియారం చూసి వేసుకుంటాను. మౌనిక ఇంకో థ్రిల్లర్ తెచ్చింది, మొదటిదాని కంటే భయంకరంగా ఉంది, నూట పదో పేజీలో ఉన్నాను.

మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. నిన్నటిదాకా చదివిన అక్షరాలు ఉన్నట్టుండి ఒక పూట తెలియకపోతే, చూపులో ఒక పక్క మాయమైతే, కాలూ చెయ్యీ ఆడుతున్నా సరే, నొప్పి లేకపోయినా సరే, దాన్ని స్ట్రోక్ అనే అనుకుని ఆ నిమిషాన్నే ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. అంతకంటే ముందు, పక్కనున్న మనిషితో 'నాకు తెలియట్లేదు' అని పైకి అనండి. త్వరగా వచ్చుంటే ఎంత దక్కేదో డాక్టరమ్మ కూడా చెప్పలేనంది. నేను మాత్రం ఆ చిన్న మాట అనడానికి ఒక పగలూ ఒక రాత్రీ సిగ్గుపడ్డాను. అక్షరాలు తిరిగి వచ్చాయి గానీ, కుడివైపు చూపు ఇవాళ్టికీ రాలేదు.